పేపరుకు ఆమోదం వచ్చింది, ప్రయాణానికి డబ్బేదీ?

ఇంజినీరింగ్ పరిశోధన చేస్తున్న విద్యార్థికి తన పేపరు అంతర్జాతీయ సదస్సుకు ఎంపికైందని మెయిల్ వచ్చిన రోజు పండగే. మర్నాటి నుంచే లెక్కలు మొదలవుతాయి. సదస్సు అమెరికాలో అనుకుందాం. విద్యార్థి రిజిస్ట్రేషన్ 600 డాలర్లు. ఇంకొకరితో గది పంచుకుంటే అయిదు రాత్రులకు 450. ఆరు రోజుల తిండికీ సిటీ బస్సులకూ 240. వీసా ఫీజు 185. డాలరుకు 87 రూపాయల చొప్పున ఇవే 1,28,000 దాటుతాయి. హైదరాబాద్ నుంచి రానూ పోనూ టికెట్టు ఎంత చూసి కొన్నా మరో 1,10,000. మొత్తం 2,38,000 రూపాయలు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి వస్తున్న స్టైపెండ్ నెలకు 37,000. అంటే ఆరు నెలల పైచిలుకు సంపాదన అయిదు రోజుల సదస్సుకు పెట్టాలి. గేట్ రాసి ఎం.టెక్‌లో చేరిన విద్యార్థికి నెలకు 12,400 వస్తుంది. అతనైతే పందొమ్మిది నెలలు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా దాచుకోవాలి. ఆ కోర్సు ఉండేదే రెండేళ్ళు.

ఈ ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు లేదని అనలేం. కేంద్ర సంస్థలున్నాయి, విద్యాసంస్థల సొంత నిధులున్నాయి, వృత్తి సంఘాలున్నాయి, కంపెనీలున్నాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు చాలకపోవడం ఒక సమస్యగా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద సమస్య ఆ డబ్బు వచ్చే వరస. ‘ముందు నువ్వు పెట్టుకో, తిరిగొచ్చాక బిల్లులు చూపించు, అప్పుడిస్తాం’ అన్నది దాదాపు అన్ని పథకాల్లోనూ ఉన్న పద్ధతి. రెండున్నర లక్షలు ముందుగా తీయగలిగే ఇంటి పిల్లలకు ఇది సాయం. తీయలేని వాళ్ళకు అసలు అందని సాయం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందుగా, అసలు వెళ్ళడం అవసరమా అన్న సందేహం తేల్చుకోవాలి. పేపరు ఎలాగూ అచ్చవుతుంది, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు కదా అనే వారు ఖజానా విభాగాల్లోనే కాదు, ప్రొఫెసర్లలోనూ ఉన్నారు. దీనికి జవాబిచ్చే ఆధారం ఒకటి అనుకోకుండా దొరికింది. 2012 ఆగస్టు చివర న్యూ ఆర్లీన్స్‌లో జరగాల్సిన అమెరికా రాజనీతి శాస్త్ర సంఘం వార్షిక సదస్సు ఐజాక్ తుఫాను వల్ల ఆఖరి నిమిషంలో రద్దయింది. కార్యక్రమ పట్టిక అప్పటికే అచ్చయి ఉంది కాబట్టి ఎవరెవరు కలవాల్సిందో తెలుసు, కలవలేదనీ తెలుసు. ఆర్థికవేత్తలు ఆ జాబితాను పట్టుకుని తర్వాతి సంవత్సరాల్లో ఎవరితో ఎవరు కలిసి రాశారో లెక్కగట్టారు. సదస్సు జరగకపోవడం వల్ల ఇద్దరు పరిశోధకులు కలిసి పేపరు రాసే అవకాశం 16 శాతం తగ్గిందని తేల్చారు. అది రాజనీతి శాస్త్రం, ఇంజినీరింగ్ కాదు. కానీ మనుషులు ముఖాముఖి కలవడం వల్ల జరిగే మేలు విభాగాన్ని బట్టి తలకిందులవుతుందని నేననుకోను.

ఇంజినీరింగ్ సదస్సులో ఆ మేలు ఎక్కడ జరుగుతుందో దగ్గరగా చూడాలంటే పోస్టర్ హాలుకు వెళ్ళాలి. విద్యార్థి తన పనిని ఒక పెద్ద షీటు మీద అచ్చు వేయించుకుని తీసుకొస్తాడు. ఈ మధ్య చాలామంది గుడ్డ మీద వేయించి సూట్‌కేసులో మడతపెట్టుకుంటున్నారు, విమానంలో పొడవాటి గొట్టం మోసే బాధ ఉండదని. రెండు గంటలు ఆ షీటు పక్కన నిలబడాలి. మొదటి పావుగంట ఎవరూ రారు. తర్వాత ఒకాయన వచ్చి మూడో బొమ్మ మీద వేలు పెట్టి ‘ఈ గ్రాఫు ఇక్కడెందుకు పడిపోయింది?’ అంటాడు. మెడలో ట్యాగు చూస్తే, తాను రెండేళ్ళుగా రిఫరెన్సుల్లో రాస్తున్న పేరు. సమీక్షకులు ముగ్గురు చదివీ అడగని ప్రశ్న అది. ఆ సంభాషణలో థీసిస్‌లో ఒక అధ్యాయం మలుపు తిరగవచ్చు, ఒక ఇంటర్న్‌షిప్ దొరకవచ్చు. వీడియోలో ఇది జరగడం కష్టం.

శాఖను బట్టి అవసరం తీవ్రత మారుతుంది. కంప్యూటర్ సైన్సులో సదస్సు పేపరే ప్రధాన ప్రచురణ. జర్నల్ తర్వాతి మాట. సివిల్, మెకానికల్ విభాగాల్లో జర్నల్‌కే బరువెక్కువ. కానీ అక్కడా తప్పనిసరి సందర్భాలుంటాయి. భూకంప ఇంజినీరింగ్ ప్రపంచ సదస్సు నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. 1956లో బర్కిలీలో మొదలైంది, 1977లో న్యూఢిల్లీకి వచ్చింది, 2024లో మిలాన్‌లో జరిగింది. పీహెచ్‌డీ నాలుగైదేళ్ళు అనుకుంటే ఒక విద్యార్థికి ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది. ఆ ఏడు డబ్బు కుదరకపోతే మళ్ళీ వచ్చేసరికి అతను విద్యార్థిగా ఉండడు.

ఇప్పుడు మన దేశంలో ఉన్న దారులు. అన్నిటికంటే పెద్దది కేంద్ర ప్రభుత్వ అంతర్జాతీయ ప్రయాణ సాయ పథకం. చాలాకాలం దీన్ని సైన్సు, ఇంజినీరింగ్ పరిశోధన మండలి ఎస్‌ఈఆర్‌బీ నడిపింది. 2023లో చేసిన చట్టం 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాక ఎస్‌ఈఆర్‌బీ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. దగ్గరి దారిలో ఎకానమీ టికెట్టు, విమానాశ్రయ పన్నులు, వీసా ఫీజు, 35 ఏళ్ళ లోపు వారికి రిజిస్ట్రేషన్ ఫీజు ఈ పథకంలో ప్రధానంగా ఇచ్చేవి. బస, భోజనం విద్యార్థి చూసుకోవాలి. సీఎస్‌ఐఆర్‌కు కూడా యువ పరిశోధకుల కోసం ప్రయాణ సాయం ఉంది, అది పాక్షికం. యూజీసీ జేఆర్‌ఎఫ్‌తో సైన్సు, ఇంజినీరింగ్ విద్యార్థులకు వచ్చే కంటింజెన్సీ మొదటి రెండేళ్ళు ఏడాదికి 12,000, ఆ తర్వాత 25,000. పుస్తకాలకూ ప్రింటుకూ పోగా దాంతో విదేశీ సదస్సు రిజిస్ట్రేషన్ కూడా రాదు.

ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ ఈ గుంపులో వేరుగా నిలబడుతుంది. 2018 బడ్జెట్‌లో ప్రకటించిన ఈ ఫెలోషిప్‌లో నెలనెలా 70,000 నుంచి 80,000 దాకా వస్తుంది. దానికి తోడు ఏడాదికి రెండు లక్షల రీసెర్చ్ గ్రాంటు, అయిదేళ్ళకు పది లక్షలు. విదేశీ సదస్సులకు దాన్ని వాడుకోవచ్చు. ఇది మంచి నమూనా. ప్రతి ప్రయాణానికీ కొత్తగా చేయి చాచే పని లేకుండా, ఈ ఏడు ఏ సదస్సుకు పేపరు పంపాలో విద్యార్థి ముందే ఆలోచించుకోగలడు. పరిశోధకుడిని నమ్మి డబ్బు అతని పేర ఉంచితే ఏమవుతుందో ఈ పథకం చూపించింది. చిక్కల్లా ఇది దొరికేది కొద్దిమందికే. ఒకే ల్యాబులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ప్రయాణం ఏడాది ప్రణాళికలో భాగం, మరొకరికి పీహెచ్‌డీ మొత్తంలో ఒక్కసారి దక్కితే గొప్ప. ఐఐటీలు, ఎన్‌ఐటీలు చాలావరకు తమ పీహెచ్‌డీ విద్యార్థులకు ఒక పరిమితి దాకా సొంతంగా సాయం చేస్తాయి. గైడు దగ్గర ప్రాజెక్టు డబ్బుంటే అందులోంచి కొంత సర్దుబాటవుతుంది. గైడు దగ్గర ప్రాజెక్టు లేకపోతే విద్యార్థికీ లేనట్టే. విద్యార్థి ప్రతిభకూ దీనికీ సంబంధం లేదు.

నిబంధనల్లో ఒక పాత అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. కొన్ని సంస్థల్లో వేదిక మీద మాట్లాడే పేపరుకు పూర్తి సాయం, పోస్టరుకు తక్కువ లేదా ఏమీ లేదు. కృత్రిమ మేధలో పేరున్న న్యూరిప్స్ లాంటి సదస్సుల్లో ఎంపికైన పేపర్లలో అత్యధిక భాగం పోస్టర్లుగానే చూపిస్తారు. అక్కడ పోస్టరుకు ఎంపిక కావడమే పెద్ద గెలుపు. ఇరవై ఏళ్ళ కిందటి సదస్సులను మనసులో పెట్టుకుని రాసిన నిబంధన ఇప్పటి మంచి పనిని రెండో తరగతిగా చూస్తోంది. దీన్ని మార్చడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

డబ్బు తిరిగి రాబట్టుకునే ఫైలు సంగతి చూద్దాం. అకౌంట్స్ సెక్షన్ బల్ల మీదికి వెళ్ళే ఆ ఫైలులో ఆమోదపు ఉత్తరం, మంజూరు ఉత్తరం, టికెట్టు, రిజిస్ట్రేషన్ రసీదు, వీసా రసీదు, సదస్సులో పాల్గొన్నట్టు సర్టిఫికెట్, ఏ4 కాగితాల మీద అతికించిన బోర్డింగ్ పాసులు, చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఉండాలి. బోర్డింగ్ పాసు ఫోనులోనే చూపించి ఎక్కిన వాళ్ళకు ఒక చిక్కు. గది పంచుకున్న వాళ్ళకు ఇంకో చిక్కు. హోటల్ బిల్లు ఒకరి పేర వస్తుంది, రెండో విద్యార్థి తన వాటా రుజువు చేసుకోలేడు. పొదుపు చేసినందుకే నష్టపోవడం ఇది. కేంద్ర ప్రభుత్వ డబ్బుతో వెళ్ళేటప్పుడు ఒకప్పుడు ఎయిరిండియాలోనే వెళ్ళాలనేవారు. 2022 జనవరిలో ఆ సంస్థ టాటాల చేతికి వెళ్ళడంతో ఆ షరతు సడలింది. ఇప్పుడు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటి ద్వారానే టికెట్టు కొనాలన్నది నియమం. తెలియక మామూలు సైటులో చవకగా కొనుక్కున్న విద్యార్థి ఫైలు అభ్యంతరంతో వెనక్కి వస్తుంది. ఫైలు తిరిగే నెలల్లో క్రెడిట్ కార్డు వడ్డీ పెరుగుతుంది. కార్డు విద్యార్థిది కాకపోతే, అన్నదో మేనమామదో అయితే, ఇంట్లో మాట పడాల్సి వస్తుంది.

దీనికి గడువుల బిగింపు తోడవుతుంది. పేపరు ఎంపికైందని తెలిసిన రోజుకూ సదస్సుకూ మధ్య చాలాచోట్ల రెండు మూడు నెలలే. న్యూరిప్స్ ఫలితాలు సెప్టెంబరు చివర వస్తాయి, సదస్సు డిసెంబరులో. ఆ పది వారాల్లోనే ప్రయాణ సాయానికి దరఖాస్తు, వీసా అపాయింట్‌మెంటు, టికెట్టు. సాయం మంజూరైందో లేదో తేలేలోపే ముందస్తు రిజిస్ట్రేషన్ గడువు దాటి ఫీజు పెరుగుతుంది, టికెట్టు ధర ఎక్కుతుంది. వెళ్ళకుండా ఊరుకుందామా అంటే అదీ కుదరదు. ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ జరిపే సదస్సుల్లో పేపరును ఎవరూ సమర్పించకపోతే దాన్ని డిజిటల్ లైబ్రరీలోంచి తప్పించే హక్కు నిర్వాహకులకు ఉంటుంది. చాలా సదస్సుల్లో పేపరుకు ఒక పూర్తి ఫీజు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, విద్యార్థి రాయితీ దానికి చెల్లదు. రచయితలందరూ విద్యార్థులే అయినా ఎవరో ఒకరు పెద్దల ఫీజు కట్టాలి.

వృత్తి సంఘాలు ఈ విషయంలో ప్రభుత్వాల కంటే ముందున్నాయి. కంప్యూటర్ రంగ సంఘం ఏసీఎంలో ప్రోగ్రామింగ్ భాషల విభాగమైన సిగ్‌ప్లాన్ ఏ దేశ విద్యార్థికైనా ప్రయాణ సాయం ఇస్తుంది. చంటిబిడ్డ తల్లి అయితే బిడ్డను చూసుకునే ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మానవ-కంప్యూటర్ సంబంధాల విభాగం సిగ్‌కై, దక్షిణాఫ్రికా ఆచార్యుడు గ్యారీ మార్స్‌డెన్ పేరిట ప్రయాణ పురస్కారాలు ఇస్తోంది. ఏసీఎం మహిళా విభాగం ఖండం దాటి వెళ్ళే విద్యార్థినికి 1,200 డాలర్ల దాకా, ఖండం లోపలైతే 600 దాకా ఇస్తుంది. మన దేశంలో ఏసీఎం ఇండియా, కంప్యూటింగ్ పరిశోధకుల సంఘం ఐఏఆర్‌సీఎస్ కలిసి నడిపే సాయం కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు ఎంతో అక్కరకొచ్చింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా, గూగుల్ కూడా పెద్ద సదస్సులకు ఎంపికైన మన విద్యార్థులకు చేయూతనిచ్చాయి. డబ్బులేని వారికి మరో దారి స్టూడెంట్ వాలంటీర్‌గా చేరడం. సిగ్‌కై నడిపే కై సదస్సులో ఇరవై గంటలు పనిచేస్తే రిజిస్ట్రేషన్ ఉచితం. ఇవన్నీ మంచివే. అయితే చాలావరకు కంప్యూటర్ సైన్సు చుట్టూ తిరుగుతాయి. సాయిల్ మెకానిక్స్‌లోనో హీట్ ట్రాన్స్‌ఫర్‌లోనో పనిచేసే విద్యార్థికి ఇన్ని తలుపులు లేవు.

అమెరికాలో పద్ధతి వేరు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సదస్సు నిర్వాహకులకు విద్యార్థుల ప్రయాణం కోసం గ్రాంటు ఇస్తుంది, వాళ్ళు విద్యార్థులను ఎంచుకుంటారు. సాధారణంగా అమెరికా విశ్వవిద్యాలయంలో చదువుతుంటే చాలు. అందుకే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్ళి అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలకు కూడా ఆ డబ్బు అందుతుంది. ఫెడరల్ డబ్బు గనుక అమెరికా విమాన సంస్థల్లోనే వెళ్ళాలన్న నియమం ఉంది. మన ఎయిరిండియా షరతుకు అది అన్నలాంటిది, 1970ల నాటిది. అక్కడి మన విద్యార్థులకు డబ్బు కంటే వీసాతో ఇబ్బంది ఎక్కువ. ఎఫ్-1 వీసా స్టాంపు గడువు తీరిన విద్యార్థి అమెరికాలో చదువుకోవచ్చు గానీ యూరప్‌లో సదస్సుకు వెళ్తే తిరిగి రావడానికి మళ్ళీ స్టాంపింగ్ చేయించుకోవాలి. కెనడా, మెక్సికోలకు ముప్పై రోజుల్లోపు వెళ్ళొస్తే మినహాయింపు ఉంది. సదస్సు మాంట్రియల్‌లో అయితే వెళ్ళి, వియన్నాలో అయితే ఆగిపోయే విద్యార్థులు ఉండేది ఇందుకే.

వీసా గోడ అందరికీ ఒకే ఎత్తులో లేదు. 2018లో న్యూరిప్స్ మాంట్రియల్‌లో జరిగినప్పుడు ఆఫ్రికా నుంచి రావలసిన పరిశోధకుల్లో చాలామందికి కెనడా వీసా ఇవ్వలేదు. వాళ్ళ చేతిలో ఆహ్వానాలున్నాయి, సాయం మంజూరై ఉంది. ఆ రోజుల్లోనే, కృత్రిమ మేధలోని మరో సదస్సు ఐసీఎల్ఆర్ నిర్వాహకులు తమ 2020 సదస్సును అడ్డిస్ అబాబాలో పెట్టాలనుకున్నారు, కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కు మారింది. చివరికి 2023లో రువాండా రాజధాని కిగాలీలో జరిపారు. విద్యార్థిని సదస్సు దగ్గరికి పంపలేనప్పుడు సదస్సునే విద్యార్థుల దగ్గరికి తీసుకెళ్ళడం కూడా ప్రయాణ సాయమే.

ఈ మాటకు హైదరాబాదే గట్టి సాక్ష్యం. 2007లో కృత్రిమ మేధ సదస్సు ఇజ్‌కాయ్, 2011లో వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు, 2014లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు ఐసీఎస్‌ఈ, 2018లో మాటల సాంకేతికతపై ఇంటర్‌స్పీచ్, 2025 ఏప్రిల్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ వారి ఐకాస్ప్ ఇక్కడ జరిగాయి. ఇవి ఆయా రంగాల్లో అగ్రశ్రేణి సదస్సులు. వరంగల్ నుంచి పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం పోస్టర్ హాలులో ఉండవచ్చు. వీసా లేదు, విమానం లేదు. అయినా ఒక అడ్డు మిగిలే ఉంది, రిజిస్ట్రేషన్ ఫీజు. అంతర్జాతీయ సదస్సు ఫీజు డాలర్ల లెక్కనే ఉంటుంది. పేపరు లేకుండా కేవలం చూడ్డానికి రావాలనుకునే బీటెక్ విద్యార్థికి అది భారమే. ఇలాంటి సదస్సు మన ఊరికి వచ్చినప్పుడు స్థానిక విద్యార్థుల కోసం ఒక్క రోజు పాసులు స్పాన్సర్ చేయడం కంటే తక్కువ ఖర్చులో ఎక్కువ మందికి మేలు చేసే పని నాకు కనిపించదు.

కోవిడ్ ఏళ్ళలో సదస్సులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి, ఫీజులు తగ్గాయి, హాజరు పెరిగింది. అది విలువైన లాభం. ప్రసంగాల వరకు దాన్ని వదులుకోకూడదు. విమానాల కాలుష్యం గురించి అడిగేవారి మాటలోనూ బలం ఉంది. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన భూభౌతిక శాస్త్రవేత్తల సదస్సుకు దాదాపు 28,000 మంది వచ్చారు, వాళ్ళ ప్రయాణాల వల్ల 80,000 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడిందని అంచనా. తగ్గించాల్సిందే. ఏడాదికి ఎనిమిది సదస్సులు తిరిగే ఆచార్యుడి దగ్గర మొదలుపెట్టి తగ్గించాలి. జీవితంలో మొదటి సదస్సుకు బయల్దేరిన విద్యార్థి దగ్గర కాదు.

డబ్బు ఇచ్చేవాళ్ళు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు మరొకటుంది. ప్రయాణ సాయం ఉందంటే దాన్ని మింగడానికి నకిలీ సదస్సులు పుట్టుకొస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సదస్సులకు రాని ప్రముఖులు వస్తున్నట్టు ప్రచారం చేశారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019 మార్చిలో నెవడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. హోటల్ హాలు ఒకటి అద్దెకు తీసుకుని పాతిక అంశాలు కలిపి ‘అంతర్జాతీయ సదస్సు’ అని పేరు పెట్టే వాళ్ళు ఇంకా ఉన్నారు. రెండు రోజుల్లో ఆమోదం వచ్చిందంటే పేపరు ఎవరూ చదవలేదని అర్థం. సదస్సుల జాబితాను ఏటా విభాగాల వారీగా సరిచూసుకునే పని గైడ్లదే, అకౌంట్స్ సెక్షన్‌ది కాదు.

ఈ సాయాలన్నిటికీ బయట మిగిలిపోతున్నది అఫిలియేటెడ్ కాలేజీల పిల్లలు. ఫెలోషిప్ లేకుండా, పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేసే వాళ్ళు, ఫైనలియర్ ప్రాజెక్టుతో మంచి పేపరు రాసిన బీటెక్ విద్యార్థులు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద విదేశాల్లో పైచదువుకు 20 లక్షల దాకా ఇస్తారు, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట అలాంటి పథకం ఉంది. అవి డిగ్రీ చదువుకే. విదేశంలో పెద్ద చదువుకు ఎవరు తగినవారో ఆ సదస్సుల్లోనే తేలుతుంటుంది. అక్కడికి చేరే మెట్టు మాత్రం ఆ పథకాల్లో లేదు.

పెద్ద పథకం కోసం ఎదురుచూడకుండా ఒక విశ్వవిద్యాలయం తనంతట తాను చేయగలిగిన పని ఉంది. ఇరవై లక్షలతో ఒక తిరుగు నిధి పెట్టాలి. ఎక్కడో ఒకచోట సాయం మంజూరైన విద్యార్థికి అందులోంచి రెండు లక్షలు అడ్వాన్సుగా ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఫీజు, టికెట్టు విశ్వవిద్యాలయమే నేరుగా కట్టాలి, నియమం చెప్పిన ఏజెంటు దగ్గరే కొనాలి. అప్పుడు తప్పు సైటులో కొన్నాడన్న అభ్యంతరమే రాదు. మంజూరైన డబ్బు వచ్చినప్పుడు నిధికి జమవుతుంది, ఫైలు వెంట తిరిగే పని విద్యార్థిది కాదు, కార్యాలయానిది. ఒకేసారి పదిమందికి సరిపోతుంది. నాలుగు నెలలకోసారి డబ్బు తిరిగొస్తే ఏడాదికి ముప్పై మంది. వచ్చిన సాయం రెండు లక్షల కంటే తక్కువైతే మిగతాది విద్యార్థి వాయిదాల్లో కట్టుకునే వీలుండాలి. వీసా రాకపోయిన వాళ్ళ విషయం ముందే రాసిపెట్టాలి. వాపసు రాని రిజిస్ట్రేషన్, వీసా ఫీజు కలిపి ఒక్కొక్కరికి 70,000 దాకా పోతుంది. ముప్పై మందిలో ఇద్దరికి అలా జరిగినా ఏడాదికి లక్షా నలభై వేలు. ఆ నష్టం నిధే భరించాలి, విద్యార్థి స్టైపెండ్‌లోంచి కోయకూడదు.